ప్రోటీన్ వెయ్యని వరుస

జెల్లు పలకను ఊపిరి బిగబట్టి, నిద్రపోయే చంటిపిల్లను పక్క మార్చినంత నిదానంగా ఎత్తుతుందని ల్యాబులో ఆమెను నత్తమ్మ అంటారు. కరెంటు పెడితే ఒంటరి డీఎన్ఏ ముక్క ఆ జెల్లులో చకచకా కిందికి జారిపోతుంది. ప్రోటీన్ అతుక్కుంటే బరువెక్కి పైనే గీతలా ఆగిపోతుంది. తన ప్రోటీన్ అతుక్కుంటుందని ఈ వారం చూపించకపోతే ఆమె ఉద్యోగం ఊడినట్టే. ఇవాళ దీపం కింద పెట్టగానే పైన గీత మెరిసింది.

"గట్టెక్కావే నత్తమ్మా!" అంటూ పక్క బల్ల స్నేహితురాలు వీపు చరిచింది. నత్తమ్మ కళ్లు మాత్రం, పోల్చి చూడ్డానికి ప్రోటీన్ వెయ్యని వరుస మీదే ఉన్నాయి. ఏ గీతా ఉండకూడని అక్కడా పైన అదే గీత. ప్రోటీన్ చుక్క అందులో ఒలికిందో, అసలా గీతకు కారణమే వేరో.

"ఆ వరుస కోసేసి చూపించు, ఎవరడుగుతారు?"

"కోసేస్తే, నిజంగా అతుక్కుందో లేదో నాకెలా తెలుస్తుందే? మొత్తం ఇలాగే చూపిస్తా. పద, టీ తాగొద్దాం."