తలుపు పక్క బెంచీ

ఆ బడిలో లెక్కల టీచరంటే పిల్లలకి హడల్. ఆవిడ అడుగుల చప్పుడు వింటే చాలు, క్లాసంతా గప్‌చుప్. వీధి చివర బట్టల ఫ్యాక్టరీ తగలబడి ఆవిడ తమ్ముడు పోయాక కూడా అలాగే ఉండాలని చూసింది. కొన్నాళ్లు సెలవు పెట్టి, తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు భిన్నాలు మొదలుపెట్టింది. ఇంట్లో మాత్రం ఇస్త్రీపెట్టె ముట్టుకోవడం మానేసింది. నలిగిన చీరలతోనే బడికొచ్చేది.

ఆ క్లాసులో పిట్ట అని ఒక పిల్ల ఉండేది. చిటుక్కుమంటే ఉలిక్కిపడుతుందని తోటిపిల్లలు పెట్టిన పేరది. వాళ్లమ్మ అదే ఫ్యాక్టరీలో కుట్టుమిషను దగ్గర పనిచేస్తూ మంటల్లో పోయింది. పిల్లని అమ్మమ్మ సాకుతోంది. బడిలో ఎవరు తలుపు మూసినా పిట్ట వెళ్లి తెరిచేది. చెయ్యి పట్టుకుని ఆపితే కొరికేది.

“మొండిఘటం,” అని టీచరు ఆ పిల్లని వెనక బెంచీకి మార్చి, తలుపుకి గడియ పెట్టించింది. పిట్ట గోడకి అతుక్కుపోయి వణుకుతుంటే చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఒక మధ్యాహ్నం పక్క గదిలో సైన్సు పాఠం కోసం గుడ్డముక్క కాల్చారు. కమురు వాసన కిటికీలోంచి వచ్చింది. టీచరు బోర్డు మీద లెక్క సగం చేసింది. ఆ తర్వాత ఆవిడకి గుర్తున్నది బయటి ఎండ. ప్రహరీగోడ పట్టుకుని నిలబడి ఉంది. పిడికిట్లో చాక్‌పీసు పొడైపోయింది. పక్కన పిట్ట.

“తలుపు మీరే తీశారు టీచర్. మీక్కూడా వినిపించిందా?”

“ఏంటి?”

“లోపల్నించి పిలుస్తున్నారు కదా.”

తమ్ముడు “అక్కా” అని పిలవడం వినిపించిన మాట నిజం. అది మొదటిసారీ కాదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

“వినిపించింది,” అంది చివరికి. “ఇప్పుడక్కడ ఎవరూ లేరమ్మా. మనం బడిలో ఉన్నాం. ఈ గోడ ముట్టుకో. ఎలా ఉంది?”

“గరుకుగా ఉంది.”

ఇద్దరూ గోడకి అరచేతులు ఆనించి, ఊపిరి నిలకడపడేదాకా అలాగే ఉన్నారు.

మర్నాడు పిట్ట తలుపు పక్క బెంచీకి మారింది. గుండె దడగా ఉంటే అడక్కుండానే కుళాయి దగ్గరికెళ్లి మొహం కడుక్కుని రావచ్చని టీచరు క్లాసందరికీ చెప్పింది.

“ఇలా అయితే క్లాసంతా కుళాయి దగ్గరే ఉంటుందమ్మా,” అన్నాడు హెడ్మాస్టరు.

“ఉండనివ్వండి సార్.”

మొదట్లో సగం క్లాసుకి గుండెదడ పట్టుకుంది. సరదా తీరాక, నిజంగా అవసరమైన వాళ్లే మిగిలారు. వాళ్లలో ఎప్పుడూ నవ్వుతూ ఉండే పిల్లలు కూడా ఉన్నారు. టీచరు అది ఊహించలేదు. ఇక సైన్సు మాస్టరు ఏదన్నా వెలిగించేముందు కబురు పంపేవాడు.

అన్నీ చక్కబడలేదు. ఒకరోజు పిట్ట పక్కపిల్ల పుస్తకం పరపరా చింపేసింది. టీచరు కేకలెయ్యకుండా పక్కన కూర్చుంది. ఏడుపు తగ్గాక, “కోపం రావడం తప్పు కాదు. పుస్తకం మాత్రం అతికించాలి,” అంది. ఇద్దరూ కలిసి అతికించారు.

ఏడాది పరీక్షలో పిట్ట మధ్యలో ఒకసారి బయటికెళ్లి, మొహం కడుక్కుని, వచ్చి మిగతాది రాసింది. ఆ రోజు తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మమ్మ టీచరు నలిగిన చీర వంక చూసింది.

“మీరెలా ఉన్నారమ్మా?”

“తమ్ముడు పిలుస్తూనే ఉంటాడు పెద్దమ్మా.”

“మా అమ్మాయీ పిలుస్తుంది. నేను పలుకుతాను. పలికి నా పని నేను చేసుకుంటాను.”

అందరూ వెళ్లాక ఖాళీ గదిలో బోర్డు తుడుస్తుంటే మళ్లీ వినిపించింది. “ఏంట్రా?” అంది టీచరు మెల్లగా. బోర్డు తుడవడం పూర్తిచేసింది. తర్వాత హెడ్మాస్టరు గదికెళ్లి, వచ్చే ఏడు ఫ్యాక్టరీ మంటల్లో అయినవాళ్లు పోయిన పిల్లలు ఏ క్లాసులో ఉంటే ఆ క్లాసు తనకే ఇమ్మని అడిగింది.