కేంద్రం పక్షాన నేను, రాష్ట్రాల పక్షాన మా ఆవిడ

బస్తరు కొండల్లో ఇనుప గనుల ఊరు బచేలి. ఇక్కడ మా తెలుగు సంఘం ఏటా రెండు పనులు తప్పకుండా చేస్తుంది. ఉగాదికి పచ్చడి పంచుతుంది, వినాయక చవితికి పందిరి ఎక్కడ వెయ్యాలా అని పోట్లాడుకుంటుంది. ఆ సంవత్సరం మా కార్యదర్శిగారికి మూడో పని తోచింది. ఆయన గనుల్లో సర్వే విభాగంలో రిటైరై, క్వార్టరు ఖాళీ చేసినా ఊరు వదల్లేక ఇక్కడే ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. రాజ్యాంగ దినోత్సవం నాడు క్లబ్బు హాల్లో రాజ్యాంగ సభను మళ్ళీ నడిపిద్దామన్నారు. కేంద్రానికి ఎక్కువ అధికారం ఉండాలని ఒక పక్షం, రాష్ట్రాలకు ఉండాలని ఇంకో పక్షం వాదించాలి. చివర్లో హాల్లో ఉన్నవాళ్ళు చేతులెత్తి తేల్చాలి.

పక్షానికి ముగ్గురు. ఎవరు ఏ పక్షమో చీటీలు తీశాం. నాకు కేంద్రం వచ్చింది. మా ఆవిడకు రాష్ట్రాలు వచ్చాయి.

హాల్లో ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా నవ్వారు. కారణం ఉంది. నేను క్రషింగ్ ప్లాంటు కంట్రోల్ రూములో పనిచేస్తాను. అక్కడ బొత్తాం నొక్కితే ఖనిజం మోసే కిలోమీటరు పొడవు బెల్టు ఆగుతుంది. ఇంట్లో మాత్రం ఫ్యాను వేగం పెంచాలన్నా ఆవిడ వైపు ఒకసారి చూస్తాను. పైగా ఆవిడ కాలనీ బడిలో సాంఘికశాస్త్రం చెబుతుంది. రాజ్యాంగం గురించి నాకు తెలిసిందంతా ఆవిడ పిల్లలకు చెబుతుంటే పక్క గదిలోంచి విన్నదే.

"ఒక్క షరతు" అన్నారు కార్యదర్శిగారు. "ఆ రోజు మీరంతా అప్పటి ఢిల్లీలో కూర్చుని ఉంటారు. రాజ్యాంగం ఇంకా ఆమోదం పొందలేదు. ఆ తర్వాత జరిగినవేవీ మీకు తెలియవు. తెలిసినట్టు మాట్లాడితే మైకు తీసేస్తాను."

ఆ వారమంతా మా వంటింట్లో రాజ్యాంగ సభ జరిగింది. ఆవిడ పప్పు ఎనుపుతూ వాదించేది, నేను ఉల్లిపాయలు తరుగుతూ జవాబిచ్చేవాణ్ణి.

"దేశం రెండు ముక్కలైంది, ఎటు చూసినా కాందిశీకులు, కరువు" అన్నాను. "ఊరికో రాజు. ఈ బస్తరుకే ఒక రాజు ఉన్నాడు. గట్టి కేంద్రం లేకపోతే ఇదంతా ఎవరు పట్టి ఉంచుతారు?"

"పట్టి ఉంచడమంటే పీక పట్టుకోవడమా?" అంది. మా మామగారిది విజయనగరం జిల్లా. ఆవిడ పుట్టింది బచేలిలోనే అయినా మాట మాత్రం నాన్నదే. "ప్రతి చిన్నదానికీ రాష్ట్రాలు ఢిల్లీకి అర్జీ పెట్టుకోవాలేటి? అలాగైతే అవి రాష్ట్రాలెందుకు, మునిసిపాలిటీలని పేరెట్టేయండి."

"సరే, కేంద్రానికో జాబితా, రాష్ట్రాలకో జాబితా, ఇద్దరికీ కలిపి ఉమ్మడి జాబితా. ఏ జాబితాలోనూ లేనివి ఉంటాయి కదా, ఆ మిగిలిన అధికారాలు ఎవరికుండాలి?"

"రాష్ట్రాలకే. అనుమానమేటి?"

"మరి మనింట్లో?"

"నావే" అంది, గరిటె కూడా ఆపకుండా. అన్నాక గానీ ఇంట్లో కేంద్రం తనేనని ఒప్పుకున్నట్టయిందని ఆవిడకు తట్టలేదు. నేను ఉల్లిపాయల వల్ల వచ్చిన కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాను.

"సభలో ఈ మాట ఎత్తారంటే చూడండి" అంది.

చింతూరు దగ్గరి మా ఊళ్ళో ఉన్న అమ్మకు ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెప్పాను. మా ఊరి కథ చాలామందికి తెలియదు. తెలంగాణ విడిపోయినప్పుడు మేం ఖమ్మం జిల్లా వాళ్ళం. వెంటనే మా మండలాన్ని తీసి ఆంధ్రలో తూర్పు గోదావరికి కలిపారు. తర్వాత ఆ జిల్లా కూడా మారింది. మా అమ్మ మాత్రం అదే ఇంట్లో, అదే గేదె పక్కన ఉంది.

"గట్టి కేంద్రం ఉండాలని నువ్వు మాట్లాడుతున్నవా?" అంది అమ్మ.

"అవునే. పార్లమెంటు తల్చుకుంటే రాష్ట్రాల గీతలు మార్చొచ్చు, అది మంచిదేనని చెప్పాలి."

"నీకేం రోగం రా?" అంది. "కాయితం మీద ముద్ర కోసం నేను కాకినాడ పోయొచ్చిన. బస్సుల నడుం పడిపోయింది. ఇప్పుడేమో జిల్లా మారింది, పాడేరు పొమ్మంటున్రు. గీత గీసేటోడు ఒక్కపాలి మమ్మల్ని అడిగిండా?"

చీటీలో వచ్చింది కాబట్టి వాదిస్తున్నానని ఎంత చెప్పినా అమ్మకు ఎక్కలేదు.

సభ రోజు హాలు నిండింది. అధ్యక్షత వహించింది ఆసుపత్రి హెడ్ నర్సు. ఆమె తెలంగాణ సరిహద్దు దగ్గరి ఉసూరు వైపు పుట్టి పెరిగింది. తెలుగు, హిందీ, అడవి జనం మాట్లాడే దోర్లీ, గోండీ, నాలుగింటిలోనూ రోగులను కసరగలదు. బల్ల మీద స్టీలు గ్లాసు, చేతిలో చెంచా పెట్టుకుని కూర్చుంది. ఎవరైనా గీత దాటితే టంగుమని కొడుతుంది.

ముందు నేను లేచాను. కంట్రోల్ రూము నుంచి మొదలుపెట్టాను. "బెల్టు ఒకటే. దాని మీద పదిమంది పది చోట్ల పదిరకాలుగా బొత్తాలు నొక్కితే రాయంతా ఒకచోట గుట్ట పడుతుంది. దేశమూ అంతే" అన్నాను. ప్లాంటు వాళ్ళు చప్పట్లు కొట్టారు. అంత తేలిగ్గా గట్టెక్కుతాననుకోలేదు. కూర్చుని మంచినీళ్ళు తాగాను.

తర్వాత ఆవిడ లేచింది. చీర కొంగు భుజం చుట్టూ తిప్పుకుంది. ఆ లక్షణం నాకు తెలుసు, ఇంట్లో అయితే ఆ పాటికి పేపరు తీసుకుని వరండాలోకి పోయేవాణ్ణి.

"అధ్యక్షా! ఈ ముసాయిదాలో ఒక మాటుంది. ఒక రాష్ట్రం సరిహద్దు మార్చేముందు ఆ రాష్ట్రం అభిప్రాయం అడుగుతారట. కానీ వాళ్ళు ఒప్పుకోవాల్సిన పని లేదట. ఒప్పుకోకపోయినా చేసేదే అయితే అడగడమెందుకు? నమ్మకం లేకపోతే ఎదుటి పక్షం గౌరవ సభ్యుణ్ణి అడగండి. వాళ్ళమ్మగారు ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉన్నారో చెప్పమనండి!"

టంగుమంది గ్లాసు. "అది ఇంకా జరగలే" అంది హెడ్ నర్సు. "అది ఎప్పుడో తర్వాత జరిగేటిది. మీ అత్తకు ఇంకా ఏమీ కాలే. ముందుకు పో."

కార్యదర్శిగారు ఊరుకోలేక మధ్యలో లేచారు. "చరిత్ర ప్రకారం, ఈ సభ జరిగే నాటికి చింతూరు మద్రాసు రాష్ట్రంలో ఉండాలి. తూర్పు గోదావరి జిల్లాలోనే. ఖమ్మంలో కలిపింది ఆ తర్వాత" అన్నారు.

వెనక నుంచి ఎవరో అరిచారు. "అంటే తిరిగి తిరిగి ఉన్నచోటికే వచ్చిందన్నమాట!"

హాలంతా గొల్లున నవ్వింది. నాకు బ్రహ్మాండమైన అవకాశం దొరికింది. లేచి మైకు అందుకున్నాను. "చూశారా! కేంద్రం ఎవరి ఊరూ ఎత్తుకుపోలేదు. తీసిన వస్తువు తీసినచోటే పెట్టింది. అందులో బాధపడాల్సింది..."

అక్కడ నా మాట ఆగింది. నడుం పట్టుకుని బస్సు దిగుతున్న అమ్మ కళ్ళ ముందుకు వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా కాలనీ తెలుగు మాట్లాడి మాట్లాడి పోగొట్టుకున్నాననుకున్న మా ఊరి మాట నోట్లోంచి ఊడిపడింది. "కానీ అడగాలె గదా! మనుషులున్నరు గదా ఆడ! ఒక్కపాలి వచ్చి అడిగితే ఏం పోయె?"

నా పక్షం వాళ్ళు తలలు పట్టుకున్నారు. నేను మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ముందుకు పోలేను, కూర్చోలేను.

అప్పుడు మా ఆవిడ తన మైకు ఆపకుండానే నా వైపు వంగి గుసగుసగా అంది. "రైలు. రైలు చెప్పండి. విశాఖ నుంచి కొండలు తొలిచి ఇక్కడిదాకా రైలు వేయడం ఏ ఒక్క రాష్ట్రం వల్ల అయ్యేది? చెప్పండి, అది మీ పాయింటే!"

ఆ గుసగుస హాలంతా వినబడింది. ఎదుటి పక్షానికి పాయింట్లు అందిస్తున్న నాయకురాలిని చూసి జనం బల్లలు చరిచారు. హెడ్ నర్సు గ్లాసు మోగించింది. "ఆ రైలు కూడా ఇంకా రాలే! ఇద్దరూ కూసోండి. మొగుడూ పెళ్ళాలకు వేరు వేరు పక్షాలిచ్చింది ఎవరు?"

చేతులెత్తించారు. లెక్క పెట్టాల్సిన అవసరమే రాలేదు, హాలంతా రాష్ట్రాల వైపే. నా పక్షంలో వాదించిన ఇద్దరు కూడా అటే ఎత్తారు.

కార్యదర్శిగారి ముఖం పాలిపోయింది. "ఇది కుదరదు" అన్నారు మైకులో. "నిజమైన సభలో గట్టి కేంద్రమే గెలిచింది. మీరు ఇలా తేలిస్తే మన రాజ్యాంగం తప్పయిపోతుంది. కాబట్టి కేంద్రం గెలిచినట్టు ప్రకటిస్తున్నాను."

"మరి మమ్మల్ని ఎందుకడిగారండీ?" అంది మా ఆవిడ.

"అభిప్రాయం తెలుసుకోవడానికమ్మా" అన్నారాయన, పాపం నిజాయితీగానే. తను ఏమన్నారో ఆయనకు తెలిసేలోపు జనం నవ్వులకు కుర్చీలు కదిలిపోయాయి.

ఇంటికి నడిచి వస్తుంటే బైలాడిలా కొండ మీద గని దీపాలు మంచులో మసకగా ఉన్నాయి.

"నాకు పాయింటెందుకు అందించావు?" అన్నాను.

"మీరలా మైకు పట్టుకుని నిలబడిపోతే చూడలేకపోయానండి" అంది. "అయినా రైలు సంగతి నిజమే కదా. ఆ రైలే లేకపోతే మా నాన్న ఇక్కడికొచ్చేవాడు కాదు. నేనూ ఇక్కడ పుట్టను" అంది.

గట్టి కేంద్రం ఉండాలనే ఇప్పటికీ అనుకుంటున్నానని, కాకపోతే అది తలుపు తట్టి లోపలికి రావాలని చెప్పాను. అలా అయితే నువ్వు ఏ పక్షమూ కాదని నవ్వింది ఆవిడ. నవ్వుతూ మొదటిసారి నన్ను నువ్వు అంది. నేను గమనించనట్టు ఊరుకున్నాను.

మర్నాడే కార్యదర్శిగారు అలిగి రాజీనామా ఇచ్చారు. సంఘం సమావేశమై హెడ్ నర్సును కార్యదర్శిగా ఎన్నుకుంది. జనవరిలో పిక్నిక్కు ఎక్కడికి వెళ్ళాలన్న చర్చ వచ్చినప్పుడు ఆమె ఎవరినీ అడగలేదు. ఇంటింటికీ ఫోన్ చేసి, ఫలానా ఆదివారం, ఫలానా వాగు, ఇంటికో గిన్నె పులిహోర, బస్సు ఏడింటికి అని చెప్పి ఫోన్ పెట్టేసింది. రాష్ట్రాల కోసం చేతులెత్తిన వాళ్ళంతా ఏడు కాకముందే గిన్నెలతో సహా బస్సులో కూర్చున్నారు.