జేబులో కారు తాళం

మా పాపకు స్కీయింగ్ చెయ్యాలని కోరిక పుట్టింది సౌదీ ఎడారిలోని ఉనైజాలో. మంచు కావాలంటే ఫ్రిజ్ గోడలు గీకి తీసుకోవాల్సిన ఊరు అది. టీవీలో ఎవరో తెల్లటి కొండ మీంచి జారుతుంటే చూసి, "నాన్నా, మనమూ పోదాం" అంది. నేను ఇంజనీరును, ఉన్నదానితో సర్దడం మా చదువులో భాగం. ఇంట్లో కబ్సా, అంటే అక్కడి మాంసం అన్నం, వడ్డించే పెద్ద అల్యూమినియం పళ్ళెం ఉంది. ఊరి బయట ఇసుక తిన్నెలున్నాయి. మంచు ఒక్కటే తక్కువ. ఆ లోటూ తీరుతుందని అప్పుడు తెలియదు.

ఆ చలికాలం మామూలుది కాదు. పొద్దున్నే కొళాయి తిప్పితే నీళ్ళకు బదులు దగ్గు వినిపించేది. ఖర్జూరం తోటల్లో మా కంపెనీ బిగించిన పంపుల గొట్టాలు పగిలాయి. ఆ పంపులు చూడటమే నా ఉద్యోగం. అంటే, నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతాయో జీతం తీసుకుని చెప్పే మనిషిని. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ రోజు నేను మరిచిపోయాను.

శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరాం. నా భార్య ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి, నిద్ర చాలకుండానే వచ్చింది. తిన్నెల దగ్గర టైర్లు దిగబడని చోటు కోసం వెతికితే, పెద్ద తిన్నె కిందనే గట్టి నేల కనిపించింది. గులకరాళ్ళు పరిచినట్టు, వెడల్పుగా, చదునుగా. అలాంటిదాన్ని అక్కడ వాది అంటారు, ఎండిన ఏరు. తిన్నెను ఆనుకుని ఉన్న గట్టు మీద ఒక ముసలి సౌదీ పికప్ ఆపుకుని, చాప వేసుకుని టీ కాచుకుంటున్నాడు. మంచి చోటంతా మాకు వదిలేసి పైన ఎందుకు కూర్చున్నాడో, పాపం, అనుకుంటూ కారు కిందికి దించాను.

"ఏవండీ, ఇది ఏరండీ," అంది నా భార్య. గోదావరి లంకలో పుట్టిన మనిషి. వాళ్ళ దృష్టిలో ఏరంటే చెప్పకుండా ఇంట్లోకి వచ్చే చుట్టం.

"ఏరే. ఐతే ఏమి?" నాది అనంతపురం. "పెన్నలో క్రికెట్ ఆడుకుంటా పెరిగినోళ్ళం మేము. ఒక్కనాడన్నా నీళ్ళొచ్చి ఆట నిలిపిన పాపాన పోలా."

"మీ పెన్నలో నీళ్ళు లేవని లోకంలో ఏ ఏట్లోనూ ఉండవా ఏంటి?"

"ఎడారిలో వరద యాడ నుంచి వస్తాది? పండుకో నువ్వు."

వెనక సీట్లో దుప్పటి కప్పుకుంటూ, "పోనీ, తాళం ఇచ్చెళ్ళండి. హీటరేసుకుంటాను," అంది.

ఇవ్వలేదు. ఆడవాళ్ళు బండి నడపకూడని రోజులవి. ఇంజను ఆడుతున్న కారులో ఆడమనిషి ఒక్కతే ఉంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారో! పెళ్ళికి ముందు వాళ్ళ నాన్న జీపును కాలవ గట్టు మీద రివర్సులో నడిపిన మనిషని నాకు తెలుసు. అయినా దిగగానే తాళం జేబులో వేసుకోవడం అక్కడి మగవాళ్ళందరికీ పట్టిన అలవాటు. "దుప్పటుంది కదా," అని పాపతో తిన్నె ఎక్కాను.

పొడి ఇసుక మీద పళ్ళెం కదల్లేదు. మేమే దాన్ని మోశాం. పైకి చేరేసరికి గాలి చప్పున ఆగిపోయింది. పడమటి ఆకాశం కమిలిన చర్మం రంగుకు తిరిగింది. గట్టు మీద ముసలాయన చాప చుడుతున్నాడు. టీ సగంలో వదిలేసిన సౌదీని అంతకుముందు నేను చూడలేదు.

మొదటి వడగల్లు పళ్ళెం మీద పడి ఠంగుమంది. పాప నవ్వింది. ఇంకోటి నా నెత్తిన పడింది. అప్పుడూ నవ్వింది. తర్వాత నవ్వలేదు. పళ్ళెం కింద ఇద్దరం ముడుచుకు కూర్చున్నాం. చూస్తుండగానే తిన్నె తెల్లబడిపోయింది.

"నాన్నా, మంచు!" అంది పాప, ఏడుస్తూనే.

కాసేపటికి వడగళ్ళు పలచబడ్డాయి, కానీ మోత ఆగలేదు. లోడు లారీ ఎక్కడో గేరు మారుస్తున్నట్టుంది. అది ఆకాశం నుంచి కాదు, వాది ఎగువ నుంచి. ముసలాయన మా కారును చూపిస్తూ, తలగుడ్డ ఊపుతూ అరుస్తున్నాడు: "సైల్! సైల్!" పంపుల పనిలో నేర్చుకున్న మాటే. వరద.

అది మలుపు తిరిగి వచ్చింది. చూడ్డానికి నీళ్ళలా లేదు. మట్టి రంగు నురగ, ముళ్ళకంప, ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, అన్నీ కలిసి తొందరేమీ లేనట్టు వచ్చి కారు చుట్టూ చేరాయి. నా భార్య ముందు సీట్లోకి దూకడం కనిపించింది. తలుపు తోసింది. నీళ్ళు దాన్ని తిరిగి మూసేశాయి. స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని తిన్నె వైపు చూసింది. తాళం నా జేబులో ఉంది.

పాపను ఒళ్ళో పెట్టుకుని పళ్ళెంలో కూర్చున్నాను. మేము నిజంగా స్కీయింగ్ చేసింది ఆ ఒక్కసారే. మంచు మీద అల్యూమినియం ఎంత వేగంగా పోతుందో ఏ పుస్తకంలోనూ చదవలేదు. పళ్ళెం కిందికి చేరేసరికి మేము అందులో లేము. ముసలాయన పరుగున వచ్చి పాప చెయ్యి పట్టుకున్నాడు.

నీళ్ళలోకి దిగాను. వడగళ్ళు కలిసిన నీళ్ళు. కాళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు, పడలేదు కాబట్టి ఉన్నాయనుకున్నాను. ఆమె కిటికీ అద్దం తిప్పి దించి, చెయ్యి బయటపెట్టింది. తిట్లకు సిద్ధపడ్డాను.

"తాళం."

ఇచ్చాను. "జరుగు, నేను..."

"ఎక్కడికండీ జరిగేది? వెనకాల ఎక్కండి!"

దిగువ వైపు తలుపు పట్టుకుని లోపల పడ్డాను. ఇంజను దగ్గింది, ఆగింది. కారు నెమ్మదిగా పక్కకు జరిగింది, ఎవరూ నడపకుండానే. ఆమె పెదాలు ప్రార్థన చేస్తున్నాయి. ఇంజను మళ్ళీ దగ్గి, ఈసారి పట్టుకుంది. మేము దిగిన వాలు వెనకే ఉంది. ఆమె తల తిప్పి, రివర్సులో, కాలవ గట్టు మీద జీపును నడిపినట్టే గట్టెక్కించింది.

ముసలాయన స్టీరింగు ముందున్న నా భార్యను చూశాడు. నాలో వరద భయం తగ్గిన చోటులోకి ఇంకో భయం వచ్చింది. ఆయన మెల్లగా ముఖం వాది వైపు తిప్పుకున్నాడు. పాప చెయ్యి నా చేతిలో పెట్టి, నాతోనే అన్నాడు, "మాషా అల్లా, బాగా నడిపావు."

కింద, కారు నిలిపిన చోట, మా పళ్ళెం గిరగిరా తిరుగుతోంది. కాసేపు తేలి, మునిగిపోయింది. ముగ్గురం చూశాం.

ఆ తర్వాత ఎక్కడ దిగినా తాళం ఆమె ఒళ్ళో వేసి దిగేవాణ్ణి. హీటరు కోసమని చెప్పేవాణ్ణి, ఎండాకాలంలో కూడా.