అలుగుకు పళ్లు లేవు

నేనొకసారి కోళ్ల గంప మీద కూర్చుని మా వాడకట్టునంతా ఓడించాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు, గర్వమే.

పందొమ్మిది వందల యాభైల చివరి రోజులు. అప్పటికి నాకు పెళ్లయి ఇద్దరు పిల్లలు. బాపు, అంటే మా నాన్న, పోయాడని కబురొస్తే పానగల్ దగ్గరున్న పుట్టింటికి వచ్చాను. మాది మగ్గం నేసే ఇల్లు. మావాళ్లు చనిపోయినవారిని పూడ్చిపెడతారు. మూడో రోజు పిట్టకు పెట్టడం ఆచారం. పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి, సమాధి మీద పెట్టి, కాకి ముట్టేదాకా చూస్తాం. బాపుకు మాంసం కూరంటే ప్రాణం. అదే తీసుకుపోయాం. కాకి ముట్టింది. హమ్మయ్య అనుకుని ఇంటిదారి పట్టబోతుంటే, సమాధికి తల వైపు ఎవరో పారతో తవ్వినట్టు పెద్ద బొక్క కనిపించింది.

"అలుగు పని ఇది. పీనుగల్ని తింటది" అన్నాడు మా మేనమామ.

ఒళ్లంతా పెంకులున్న ఆ జంతువు సమాధులు తవ్వుతుందని మా వైపు అందరూ నమ్మేవారు. ఆడవాళ్లు గొల్లుమన్నారు. బొక్కలో చేయి పెట్టి చూసే ధైర్యం ఎవరికీ లేదు. ఇంటికొచ్చాక అన్న అన్నం ముందు కూర్చున్నాడు. ముద్ద కలిపి మళ్లీ వదిలేశాడు.

"బాపును అది తింటుంటె నేనెట్ల తినాలె?" అంటూ లేచి, గడ్డపార తీసుకుని, ఇంకో ఇద్దరితో అలుగులుండే గుట్టకు పోయాడు.

పొద్దు వాలేసరికి అలుగును గోనెసంచిలో వేసుకుని వచ్చారు. వాకిట్లో బండ మీద దులిపితే గుండ్రంగా ముడుచుకుని, నూలు ఉండలా దొర్లింది. మొలలకు మందని ఒకాయన అప్పుడే పెంకులు అడిగాడు. కూరలో వాటా ఇంకొకాయన అడిగాడు. నాకు ఒళ్లు మండింది. అన్న గొడ్డలి ఎత్తేలోపు పక్కనున్న కోళ్ల గంపను దాని మీద బోర్లించి, ఎక్కి కూర్చున్నాను.

"లే చెల్లె."

"లేవ. దానికి పండ్లే లేవన్నా. బాపే చెప్పిండు నాకు."

మగ్గం గుంజలకు కట్టె కోసం గుట్టకు పోయినప్పుడల్లా బాపు రాళ్ల సందుల్లో అలుగు బొరియలు చూపించేవాడు. దాని తిండి చీమలు, చెదలు. పుట్టను గోళ్లతో చీల్చి, జానెడు దాటిన జిగురు నాలుకను లోపలికి జొనిపి లాక్కుంటుంది. పళ్లు లేవు కాబట్టి కోడిలాగే చిన్న చిన్న రాళ్లు మింగుతుంది, తిన్నది కడుపులో ఆ రాళ్లే నూరుతాయి. తల్లి పిల్లను తోక మీద ఎక్కించుకుని తిప్పుతుంది. మన మగ్గాలను తినే చెదలను తింటుంది కాబట్టి అది మన చుట్టమేనని బాపు నవ్వేవాడు. ఆ చుట్టాన్నే ఆయన పేరు మీద నరకబోతున్నారు.

"పండ్లు లేకుంటె ఏమాయె, నాకుతది" అన్నాడు మామ. అందరూ నవ్వారు.

"అయితె చూద్దాం మామా. దీని ముందట మాంసం పెడ్త, చెదపుట్ట గడ్డ పెడ్త. పొద్దుగాల మాంసం లేకుంటె గొడ్డలి నేనే అందిస్త."

"సరె, తెల్లారెదాక" అని అన్న గొడ్డలి దించాడు. రెండూ లోపల పెట్టి, గంప మీద బరువైన రాయి పెట్టాం.

తెల్లారేసరికి వాకిలి నిండా జనం. గంప కొంచెం ఎత్తాను. మాంసం పెట్టింది పెట్టినట్టే ఉంది. పుట్టగడ్డ మాత్రం పొడిపొడి అయింది. మేం చూస్తుండగానే అలుగు చివరి పెళ్లలోకి నాలుక పోనిచ్చింది. పెంకులు అడిగినాయన మెల్లగా వెనక్కి జరిగాడు.

"నిన్న కడుపునిండ తిన్నదేమొ" అని మామ సణిగాడు.

అన్న ఆ మాట వినిపించుకోలేదు. గడ్డపార భుజాన వేసుకుని నేరుగా సమాధి దగ్గరికి నడిచాడు. వెనకే నేను. బోర్లా పడుకుని బొక్కలో భుజందాకా చేయి పెట్టాడు. పైమట్టి తీసి చూశాడు. ఆ దారి సమాధి కిందికి పోనే లేదు. పక్కకు తిరిగి, అవతలున్న ఒక చెదపుట్ట అడుగుకు పోయింది. బాపు మీద మేం వేసిన మట్టి వేసినట్టే ఉంది.

"బాపు మంచిగున్నడు చెల్లె" అన్నాడు అన్న. అక్కడే కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు, కానీ లోపల మాత్రం గెలిచానని ఎగిరి గంతేయాలని ఉంది.

అలుగును అన్నే ఎత్తుకుపోయి గుట్ట మీద వదిలాడు. కాసేపటికి అది ముడి విప్పుకుని, వెనక కాళ్ల మీద బరువు వేసి, తోక ఈడ్చుకుంటూ రాళ్ల సందులోకి పోయింది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని అన్న పీట వాల్చుకున్నాడు. "ఆకలైతాంది, పెట్టు" అన్నాడు. నాలుగు జొన్నరొట్టెలు తిన్నాడు.