బంతి నాదేనని కేక వేసిన రోజు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, నా భర్త ప్రభువు దగ్గరకు వెళ్లిన తరువాత నా నోట ప్రార్థన ఆగిపోయింది. విశ్వాసం పోలేదు. మోకరించేదాన్ని, వాక్యం చదివేదాన్ని, కానీ మాట పైకి వచ్చేది కాదు, ఈ ప్రొద్దుటూరు సంఘంలో మీరంతా పాడుతుంటే నేను పెదవులు మాత్రం కదిపేదాన్ని. ఏడుపు కూడా రాలేదు. ఆయన పోయాక పెట్టిన ఆదరణ కూడికలో నన్ను చూసి చాలా నిబ్బరం గల మనిషి అన్నారు. అది నిబ్బరం కాదు.

ఆ దినాల్లోనే మన సంఘంలోని సలోమి మా ఇంటికి వచ్చి, పులివెందులలో యాభై దాటిన ఆడవాళ్లకు బాల్ బ్యాడ్మింటన్ పోటీలు పెడుతున్నారనీ, తమ జట్టులో ఐదో మనిషి తక్కువైందనీ చెప్పింది. జమ్మలమడుగులో చదువుకునే రోజుల్లో నేను ఆ ఆట బాగా ఆడేదాన్ని. జిల్లా జట్టులోకి తీసుకున్నారు కూడా, కానీ ఊరు దాటి పంపనన్నాడు మా నాన్న. తరువాత పెండ్లి, పిల్లలు. ఆ కోరిక అట్లాగే ఉండిపోయింది.

మా ఆడబిడ్డకు కోపం వచ్చింది. "మా అన్న పోయి ఏడాదన్నా కాలే, అప్పుడే బ్యాటు పట్టుకోని పోతాండావా వదినా? చూసినోళ్లు ఏమనుకుంటారు?" అన్నది. నాకూ సిగ్గుగానే ఉండింది. "ప్రభువా, వద్దంటే ఆపు" అని మనసులోనే వేడుకున్నాను. ఆయన ఆపలేదు!

ఆ ఆటలో ఇద్దరి మధ్యకు బంతి వస్తే, కొట్టేవాళ్లు "నాదే" అని అరవాలి, లేకపోతే నువ్వంటే నువ్వని ఇద్దరూ ఆగిపోతారు. నాకు ఆ అరుపే రాలేదు. సాధనలో ఆ ఉన్ని బంతి నా పక్కనే నేల మీద పడేది.

"ఏందక్కా, బంతికి మర్యాద చేస్తాండావా? నోరు తెరువు! నువ్వు అరవకుంటే నాకెట్ల తెలిసేది?" అనేది సలోమి. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

పులివెందులలో మొదటి ఆటలోనే మేము వెనుకబడ్డాం. అప్పుడు బంతి పైకి లేచి సరిగ్గా నాకూ సలోమికీ మధ్యకు దిగుతూ ఉంది, ప్రభువా అనుకున్నాను, అంతే, "నాదే!" అని మైదానమంతా వినబడేలా అరిచాను, అది నా గొంతేనా అని నేనే ఉలిక్కిపడ్డాను! బంతి వల దాటింది. ఆ పాయింటు మాకే వచ్చింది. ఆట మాత్రం ఓడిపోయాం.

తరువాత ఒక పక్కన కూర్చొని గొంతెత్తి ఏడ్చాను. "ఓడితే ఇంత ఏడుస్తారా అక్కా? మళ్లా ఆడదాంలే" అంటూ వచ్చిన సలోమి, నా ముఖం చూసి ఊరకే నా పక్కన కూర్చున్నది. "దేవా, ఆయన లేడు. నాకు కష్టంగా ఉంది." చాలా కాలానికి పైకి వచ్చిన నా ప్రార్థన అదే.

దేవునికే మహిమ కలుగును గాక! నా దుఃఖం తీరిపోయిందని చెప్పను. దాన్ని ఆయనతో చెప్పుకునే నోరు ఆయనే తిరిగి ఇచ్చాడు. మా ఆడబిడ్డ కోసం కూడా ప్రార్థించండి, ఆమె అన్నను పోగొట్టుకున్న మనిషి.

మీలో మాట రాని వాళ్లు ఎవరైనా ఉంటే, మాటలు కూడబెట్టుకొని రావాలని చూడకండి, ఉన్నట్లే ఆయన దగ్గరకు రండి. నేను నోరు తెరిచేదాకా ఆయన నా దగ్గరే కూర్చున్నాడు.