గోడ ఆంబ్రోస్

మా ఆంబ్రోస్ టఫ్నెల్‌కి ఒకటే జబ్బు. మనిషి కనబడితే చాలు, మా ఊరి చర్చి చరిత్ర చెబుతాడు. దారి అడిగినవాడికీ చెబుతాడు, శవంతో వచ్చినవాళ్లకీ చెబుతాడు. ఎక్కడ మొదలెట్టినా శ్మశానం ఉత్తరపు గోడ దగ్గరికొచ్చి ఆగుతాడు.

"అసలు గోడ పదడుగులు అవతల ఉండేదండీ. పెద్ద దొరగారి తాతగారు ఇటు జరిపించేశాడు!"

దాంతో ఆయన పేరు గోడ ఆంబ్రోస్ అయిపోయింది.

నేను సమాధులు తవ్వేవాణ్ణి. నవంబరొస్తే మాకు నాలుగింటికే చీకటి, ఎడతెగని ముసురు, బురద. నడుంలోతు గోతిలో నేను, గట్టుమీద గొడుగేసుకుని ఆయన.

"వందల ఏళ్ల కిందట, నార్మన్ రాజుల కాలంలో..."

"ఆ పార అందించవోయ్."

"అందిస్తాగానీ, నార్మన్ల కాలంలో..."

పార అందలేదు. పారిపోదామంటే గోతిలో ఉన్నాను కదా!

కొత్త పాస్టరు హెస్కెత్‌గారు మొదటి ఆదివారమే దొరికిపోయారు. ఇంట్లో పొయ్యిలో మాంసం బొగ్గయింది. "మిగతాది రేపు చెబుతా" అన్నాడు ఆంబ్రోస్. పాపం, పాస్టరుగారు మర్నాటినుంచి వెనకవైపు కిటికీ దూకి బయటికెళ్లేవారు.

ఆ ఏడే విన్నీ గార్సైడ్ మంచాన పడింది. డెబ్భై తొమ్మిదేళ్ల ముసలిది, దొరగారి బంగళాలో బట్టలుతికి బతికింది. డాక్టరు పెదవి విరిచాడు. చూడ్డానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుంది.

"ఎర్నీ, నన్నెక్కడ పెడతావురా?"

"చర్చి వెనక మంచి చోటే చూస్తాలే, విన్నమ్మా."

"నాకొద్దు. నా బిడ్డ పక్కన పెట్టు."

పెళ్లికాకుండా పుట్టి, బాప్తిస్మం లేకుండానే పోయిన పసిగుడ్డు వాడు. అప్పటి పాస్టరు లోపలికి రానివ్వలేదు. ఉత్తరపు గోడ అవతల, దొరగారి నేలలో పూడ్చారు. తవ్వింది మా నాన్నే. గోడకి ఆరడుగుల దూరంలో.

అంటే ఆంబ్రోస్ చెప్పే పదడుగుల లోపలే! ఒక్క పరుగున ఆంబ్రోస్ ఇంటికెళ్లాను.

"ఓరి నీ! ఇన్నేళ్లూ వాగింది విన్నీ బిడ్డ కోసమా?"

"మెల్లిగా మాట్లాడవోయ్! మీ నాన్న తాగి, బయటివాళ్లలో నాకొక్కడికే చెప్పాడు. ఆవిడ సంగతి ఊరంతా తెలియాలా ఏంటి? ఆ నేల ఇప్పుడు దొరసానిగారిది, రేపు ఆవిడ దగ్గరికి పోదాం పద."

బంగళాలో దొరసానిగారి ముందు, పాస్టరుగారి ముందు ఆంబ్రోస్ తన చరిత్ర కాగితాల పెట్టె తెరిచాడు. చరిత్రలో నార్మన్లు పోయేసరికి దొరసానిగారి కుక్క నిద్రపోయింది. ప్లేగు వచ్చేసరికి పాస్టరుగారు తల పట్టుకున్నారు.

"ఇంకా ఎంతుందయ్యా?" అంది దొరసాని.

"ఇది పీఠికేనండి. ఇంకో రెండు పెట్టెలు బండిలో ఉన్నాయి."

"బాబ్బాబు, ఆ గోడ ఎంత జరపాలో చెప్పు, జరిపించేస్తాను!"

గోడ జరిగింది. బిషప్‌గారు వానలో తడుస్తూ వచ్చి ఆ నేలని ప్రతిష్ఠ చేసి వెళ్లారు.

"నిజం చెప్పు, గోడ అక్కడుండేదా?" అన్నాను.

"ఎవడికి తెలుసు! ముప్పయ్యేళ్లు వెతికా, ఆ గోడ గురించి కాగితం ముక్కయినా దొరకలేదు."

విన్నీని కుర్చీలో మోసుకొచ్చాం. తడిగడ్డి మీద చెయ్యి పెట్టి కరువుతీరా ఏడ్చింది. మేమిద్దరం ఎటో చూస్తూ నిలబడ్డాం.

"పక్కనే నీకు చోటు ఉంచాను, విన్నమ్మా."

కొంగుతో కళ్లొత్తుకుంది. "ఇంకెవరికీ ఇచ్చెయ్యవు కదా?"

"ఒట్టు."

"అయితే ఇక తొందరేముందిరా! ఇంటికి తీసుకెళ్లండి, ఆకలేస్తోంది" అంది.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది.