ఎనిమిది వందల మీటర్లు కొలవడానికి మందమర్రి దాకా

మా చెల్లెలు శ్రావణి కానిస్టేబుల్ ఫిజికల్ టెస్టుకు ఇంకా పది రోజులుంది. ఎనిమిది వందల మీటర్లు ఐదు నిమిషాల ఇరవై సెకన్లలో పరుగెత్తాలి. అంతకుముందు ఎన్నడూ ఐదున్నర లోపు రాని పిల్ల, నేను జీపీఎస్ వాచీ కొనిచ్చిన మూడు వారాలకే "నాలుగు యాభై" అంటోంది. కరీంనగర్‌లో మా ఇంటి వెనక చెట్ల మధ్య ఉన్న ఖాళీ ప్లాట్ల చుట్టూ ఒక్కతే పరుగెత్తుతుంది, చూసేవాళ్లు లేరు. వాచీని ఎవరి బండి మీదైనా మెల్లగా తిప్పుతోందేమోనని నాకు గట్టి అనుమానం. అది పైకి అనలేక, "వాచి మంచిగ కొలుస్తుందో లేదో చిన్నబాపు తాన సూపిద్దాం" అన్నాను. చిన్నబాపు, అంటే మా బాబాయి, మందమర్రి బొగ్గు గనుల్లో సర్వే పని చేసి రిటైరయ్యాడు.

పొద్దున ఐదున్నరకు మంచిర్యాల ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. ఆధార్ చూపితే ఆడవాళ్లకు ఉచితం కాబట్టి మా ఇద్దరికీ టికెట్ ఖర్చు లేదు. పెద్దపల్లి మీదుగా రెండు గంటలు పైనే పట్టింది. దారి పొడవునా శ్రావణి కళ్లు మూసుకునే ఉంది. నిద్ర నటిస్తోందనుకున్నాను. మంచిర్యాల నుంచి షేర్ ఆటోకు తలా ముప్పై. మందమర్రిలో చిన్నబాపు రమ్మన్న గ్రౌండుకు అని చెబితే డ్రైవరు మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఉరుకుడుకు గింత దూరం వస్తరా?" అన్నాడు.

చిన్నబాపు వాచీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "భూమి లోపల మాకు శాటిలైట్లు యాడియి బిడ్డా? టేపునే నమ్ముకున్నం. నువ్వు రోజు ఉరికినట్టే ఉరుకు, వాచి ఎనిమిది వందలు అన్నకాడ ఆగు."

చెట్ల మధ్య ఉన్న ఆ చిన్న గ్రౌండు చుట్టూ శ్రావణి పరుగెత్తింది. నాలుగు యాభై రెండుకు వాచీ మోగింది, చెల్లెలు ఆగింది. ఇనుప టేపుతో ఆ దారంతా కొలిస్తే ఏడు వందల ముప్పై ఆరు మీటర్లే. చెట్ల కింద శాటిలైట్ సిగ్నల్ తడబడి, ప్రతి మలుపులో వాచీ లేని దూరాన్ని కాస్త కాస్త కలుపుకుంటూ పోయింది. గంట ఆగి, టేపు కొలిచిన పూర్తి దూరం పరుగెత్తించాం. ఐదు ఇరవై ఆరు.

"ఆరు సెకన్లే. పది రోజులల్ల అందుకుంటవ్, ఫికర్ జెయ్యకు" అన్నాడు చిన్నబాపు.

నాకు ఆ ఆరు సెకన్ల దిగులు కన్నా, పిల్ల మోసం చేయలేదన్న సంతోషమే ముందు కలిగింది. వెంటనే సిగ్గేసింది. తిరుగు బస్సులో శ్రావణి కిటికీలోంచి చూస్తూ, "వాచిని గాదు, నన్ను కొలుసుటానికే తీస్కచ్చినవ్ గదక్కా" అంది. అవునన్నాను.

ఇలాంటి పరీక్షకు సిద్ధమయ్యేవాళ్లు, వాచీ ఏదైనా సరే, మొదటి రోజే మీ గ్రౌండును టేపుతో కొలిచి, ఎనిమిది వందల మీటర్ల దగ్గర ఒక గుర్తు పెట్టుకోండి. మా ఇంటి వెనక ఆ పని చేయడానికి నాకు అరగంట సరిపోయేది, కానీ ఆ మూడు వారాలూ నేను చెల్లెల్నే అనుమానిస్తూ కూర్చున్నాను.